పేస్‌మేకర్ పెట్టాక గుండె పంపింగ్ ఎవరికి తగ్గుతుంది? ముందే పసిగట్టడం ఎందుకింత కష్టం?

పేస్‌మేకర్ చెకప్ అంటే మామూలుగా పావుగంట పని. పెద్దాయన చొక్కా గుండీలు విప్పి బల్ల మీద పడుకుంటాడు, భుజం కింద చర్మం లోపల ఉబ్బెత్తుగా కనిపించే డబ్బా మీద టెక్నీషియన్ ఒక చిన్న పరికరం ఆనిస్తాడు, తెర మీద గీతలు కదులుతాయి, చివర్లో ప్రింటర్ లోంచి ఓ పొడుగాటి కాగితం బయటికొస్తుంది. "బ్యాటరీ ఇంకా ఏడేళ్లు వస్తుందండీ, వైరు కూడా బాగుంది, మళ్లీ ఏడాదికి రండి." కూడా వచ్చిన కొడుకు ఊపిరి పీల్చుకుంటాడు. అదే కాగితం మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో 'వీపీ 99%' అని ఉంటుంది. దాని గురించి ఎవరూ ఏమీ అనరు.

నిజానికి ఆ పెద్దాయన గుండె మరో మూడు నాలుగేళ్లలో బలహీనపడుతుందా లేదా అన్న ప్రశ్నకు ఆ కాగితం మొత్తంలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న అంకె అదే. వీపీ అంటే వెంట్రిక్యులర్ పేసింగ్: వంద సార్లు గుండె కొట్టుకుంటే అందులో ఎన్నిసార్లు కింది గదిని యంత్రమే కొట్టించింది అన్న లెక్క.

ముందు ఒక మాట. మన దగ్గర 'బ్లాక్' అనగానే అందరికీ స్టెంటే గుర్తొస్తుంది. రక్తనాళంలో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడం ఒక బ్లాక్, గుండె పైగదుల్లో పుట్టిన కరెంటు కిందికి దిగకుండా మధ్యలో ఆగిపోవడం ఇంకో బ్లాక్. పేస్‌మేకర్ రెండో దానికి. నాళాలన్నీ శుభ్రంగా ఉన్నవాళ్లకి కూడా ఈ కరెంటు బ్లాక్ వస్తుంది, కళ్లు తిరిగి పడిపోతారు, నాడి ముప్ఫై ముప్ఫై అయిదుకి దిగిపోతుంది. అక్కడ పేస్‌మేకర్ ప్రాణం నిలబెడుతుంది, అందులో రెండో మాట లేదు. ఇప్పుడు చెప్పుకోబోయేదంతా ఆ మేలు జరిగాక, కొందరిలో మాత్రం, నెమ్మదిగా మొదలయ్యే ఇబ్బంది గురించి. పేస్‌మేకర్ వద్దనడానికి ఇందులో ఏదీ కారణం కాదు.

ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందంటే, వైరు పెట్టే చోట. దశాబ్దాలుగా అలవాటైన పద్ధతిలో వైరు కొసను కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) అడుగున, దాని మొన దగ్గర గుచ్చుతారు. చేరడం తేలిక, వైరు కదలదు, సర్జరీ తొందరగా అయిపోతుంది. కానీ గుండె సొంత కరెంటు ఆ దారిన రాదు. 1893లో విల్హెల్మ్ హిస్ అనే ఆయన కనిపెట్టిన కట్ట, 1906లో సునావో తవారా అనే జపాన్ వైద్యుడు జర్మనీలో కూర్చుని కొసదాకా గీసి చూపించిన ఆ సన్నని తీగల వ్యవస్థ, కరెంటును మెరుపులా రెండు జఠరికలకీ ఒకేసారి పంచుతుంది. యంత్రం కుడివైపు మొన దగ్గర కొట్టినప్పుడు ఆ హైవే దొరకదు. కరెంటు ఒక కండర కణం నుంచి పక్క కణానికి, పొలం గట్ల మీద నడిచినట్టు, మెల్లగా పాకుతూ ఎడమ వైపు గోడకు ఆఖరున చేరుతుంది.

తడిసిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండడం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరూ ఒకేసారి మెలి తిప్పితే నీళ్లన్నీ కారిపోతాయి. ఒకరు ముందే తిప్పేసి, రెండో వాళ్లు తిప్పే వేళకి చెయ్యి వదిలేస్తే? నీళ్లు సగం దుప్పట్లోనే ఉంటాయి, చేతులు మాత్రం నొప్పి పుడతాయి. గుండె కూడా అచ్చం మెలి తిరిగే పిండుతుంది కాబట్టి ఈ పోలిక ఊరికే చెప్పింది కాదు. రెండు జఠరికల మధ్య గోడ ముందు బిగుసుకుని ఎడమ గోడను సాగదీస్తుంది, ఎడమ గోడ బిగిసేసరికి మధ్య గోడ సడలిపోయి ఉంటుంది. నిమిషానికి అరవై చొప్పున లెక్కేసుకున్నా రోజుకి 86,400 సార్లు, ఏడాదికి మూడు కోట్ల పైచిలుకు సార్లు ఇదే తంతు. కొన్ని గుండెలు దీన్ని ఏళ్ల తరబడి భరిస్తాయి, కొన్ని సాగిపోతాయి. సాగిపోయినప్పుడు ఎకో రిపోర్టులో ఈఎఫ్, అంటే మనవాళ్లు 'పంపింగ్' అనే అంకె, అరవై నుంచి నలభైకో ముప్ఫై అయిదుకో జారుతుంది. దీనికి పెట్టిన పేరు పేసింగ్ వల్ల వచ్చే కార్డియోమయోపతీ, అంటే గుండె కండరం జబ్బు.

భరించే గుండెలు ఎక్కువే అని ముందే చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఇంట్లో వాళ్లకి టెన్షన్ పట్టుకుంటుంది. ప్రపంచంలో మొట్టమొదట శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నె లార్సన్‌కి 1958లో స్టాక్‌హోమ్‌లో సర్జరీ జరిగేనాటికి 43 ఏళ్లు. మొదటి యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి ఇరవైకి పైగా మార్చుకుంటూ ఇంకో 43 ఏళ్లు బతికి, 2001లో పోయాడు, అదీ క్యాన్సర్‌తో.

ఈ నష్టం సంగతి గట్టిగా బయటపడింది మాత్రం 2002లో, అదీ ఎదురు చూడని వైపు నుంచి. డేవిడ్ అనే అధ్యయనంలో 506 మందిని తీసుకున్నారు. వాళ్లందరికీ పంపింగ్ అప్పటికే నలభై, అంతకన్నా తక్కువ. ఛాతీలో షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పెట్టారు. సగం మందిలో యంత్రం అవసరమైతే తప్ప కలగజేసుకోదు, మిగతా సగంలో రెండు గదులనూ నిమిషానికి 70 చొప్పున చక్కగా నడిపిస్తుంది. రెండో పద్ధతే మేలని అందరి నమ్మకం. ఏడాది తిరిగేసరికి చావు గానీ హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం గానీ లేకుండా గడిచినవాళ్లు మొదటి గుంపులో 83.9%, రెండో గుంపులో 73.3%. చక్కగా నడిపించడమే చేటు చేసింది. మరుసటి ఏడాది మోస్ట్ అనే ఇంకో పెద్ద అధ్యయనం డేటాను తవ్వితే, రెండు గదుల పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో వీపీ 40% దాటితే హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రి పాలయ్యే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. పంపింగ్ మామూలుగా ఉన్నవాళ్ల సంగతేమిటన్న సందేహాన్ని 2009లో హాంకాంగ్ వైద్యుల పేస్ అధ్యయనం తీర్చింది: 177 మంది, ఏడాది కాలం, కుడి వైపు మాత్రమే పేసింగ్ చేసిన వాళ్లలో సగటు ఈఎఫ్ 54.8, రెండు జఠరికలనూ కలిపి పేసింగ్ చేసిన వాళ్లలో 62.2.

సరే, యంత్రం నష్టం చేయగలదని తెలిసింది. ఎవరికి చేస్తుందో ముందే చెప్పగలమా? అసలు చిక్కు ఇక్కడే.

మొదటి చిక్కు నిర్వచనం. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చెప్పిన లెక్క 19.5%. క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 2016లో 823 మందిని చూసి చెప్పింది 12.3%. ఒకే దేశం, ఒకే జబ్బు, ఇంత తేడా ఎందుకు? మొదటివాళ్లు ఈఎఫ్ పది పాయింట్లు తగ్గి యాభై కిందికి వస్తే జబ్బు కింద లెక్కేశారు. రెండోవాళ్లు నలభైకో అంతకన్నా కిందికో దిగితేనే, లేదా ఇంకో వైరు వేయాల్సి వస్తేనే లెక్కేశారు. గీత ఎక్కడ గీస్తే అంకె అక్కడ ఆగుతుంది. పైగా ఎకో అనేది తూకం రాయి కాదు. ఒకే రోజు ఇద్దరు డాక్టర్లు ఒకే గుండెను చూసి ఒకరు 55 అని, ఇంకొకరు 50 అని రాయడం మామూలే. పది పాయింట్ల గీత మీద ఆధారపడిన జబ్బుకి అయిదు పాయింట్ల కొలత తేడా చిన్న విషయం కాదు.

రెండోది అంతకన్నా లోతైన చిక్కు. ఆ పెన్సిల్వేనియా లెక్కకు మొదలు 1,750 మంది. ముందే పంపింగ్ తక్కువున్నవాళ్లు, వీపీ 20% దాటనివాళ్లు, ఏడాది తర్వాత మళ్లీ ఎకో తీయనివాళ్లు, ఇలా వడగట్టుకుంటూ పోతే మిగిలింది 257 మంది. ఎవరికి మళ్లీ ఎకో తీస్తారు? ఆయాసమనో కాళ్ల వాపులనో వచ్చినవాళ్లకి. హాయిగా తిరుగుతున్న మనిషికి ఎకో ఎవరు రాస్తారు? అంటే లెక్కలోకి వచ్చినవాళ్లలో జబ్బు ఉన్నవాళ్ల వాటా ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఇదే ఇంకోవైపు నుంచి చూస్తే, ఆయాసాన్ని వయసు మీదకి తోసేసి ఇంట్లోనే కూర్చున్నవాళ్లు అసలు లెక్కలోకే రారు. పాత రికార్డులు తిరగేసి చేసిన ప్రతి అధ్యయనానికీ ఈ మరక ఉంటుంది, ముప్పు గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం అలాంటి అధ్యయనాల నుంచే వచ్చింది.

మూడోది, యంత్రం మీద పడిన నింద అన్నిసార్లూ యంత్రానిది కాకపోవడం. కొన్ని జబ్బులు మొదట కరెంటు తీగను తింటాయి, తర్వాత కండరాన్ని. మొదటిది కనిపించి పేస్‌మేకర్ పెడతారు, రెండోది బయటపడేసరికి పేసింగ్ వల్లే అనుకుంటారు. ఫిన్లాండ్‌లో కారణం దొరకని బ్లాక్ ఉన్న 55 ఏళ్లలోపు 72 మందిని పరీక్షించి చూస్తే ప్రతి నలుగురిలో ఒకరికి సార్కాయిడోసిస్ గానీ అలాంటిదే ఇంకో గుండె వాపు జబ్బు గానీ ఉందని 2011లో తేలింది. నలభై అయిదేళ్ల మనిషికి హార్ట్ బ్లాక్ వచ్చిందంటే డబ్బా పెట్టి పంపించేసే ముందు ఎందుకొచ్చిందని అడగాల్సిందే. ఇక గుండెపోటు, అదుపు తప్పిన బీపీ, మద్యం, గంటల తరబడి అడ్డదిడ్డంగా పరుగెత్తే నాడి, ఇవీ పంపింగ్‌ని తగ్గిస్తాయి. వాటిని పక్కన పెట్టాకే పేసింగ్ మీద వేలు చూపించాలి.

ఇన్ని చిక్కులున్నా కొన్ని గుర్తులు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. వీపీ శాతం అన్నిటికన్నా ముందు వరుసలో ఉంది. ఒకప్పుడు 40% దాకా ఫర్వాలేదనేవారు, క్లీవ్‌లాండ్ లెక్కల్లో 20% దగ్గరే ముప్పు కనిపించింది. 2023లో అమెరికా, ఆసియా-పసిఫిక్, లాటిన్ అమెరికా గుండె లయ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 'గణనీయమైన పేసింగ్' అంటే 20 నుంచి 40% అని ఒక పరిధి ఇచ్చి ఊరుకున్నాయి. కచ్చితమైన గీత లేదని ఒప్పుకోవడమే అది, నిజాయితీగానే ఉంది. పేస్‌మేకర్ పెట్టేనాటికే ఈఎఫ్ కొంచెం తక్కువగా ఉండటం ఇంకో గుర్తు. మగవాళ్లలో ఎక్కువని కొన్ని లెక్కలు చెబుతాయి, కొన్ని చెప్పవు.

ఈసీజీ కాగితం మీద దొరికే గుర్తు అందరికీ అందుబాటులో ఉండేది. క్యూఆర్ఎస్ అని ఒక నిట్టనిలువు గీత ఉంటుంది, దాని వెడల్పే జఠరికలంతటా కరెంటు పారడానికి పట్టిన సమయం. యంత్రం పెట్టకముందు, గుండె తనంతట తాను కొట్టుకునేటప్పుడు అది 115 మిల్లీసెకన్లు దాటితే ముప్పు ఎక్కువ. పెన్సిల్వేనియా వాళ్ల లెక్కలో ఈ గుర్తు స్పెసిఫిసిటీ, అంటే జబ్బు రాబోనివాళ్లని తప్పుగా బెదిరించకుండా వదిలేసే శాతం, 90%. యంత్రం కొట్టించేటప్పుడు వచ్చే వెడల్పు 150 మిల్లీసెకన్లు, అంతకు మించితే అన్నది ఇంకో గుర్తు, దాని సెన్సిటివిటీ, అంటే జబ్బు రాబోయేవాళ్లని పట్టుకునే శాతం, 95%.

ఈ రెండు అంకెల్ని చూసి మోసపోవడం చాలా తేలిక. ఎప్పుడూ పేసింగ్ మీదే ఉండే వంద మందిని అనుకుందాం, వాళ్లలో ఇరవై మందికి పంపింగ్ తగ్గబోతోందనుకుందాం. 150 గీత ఆ ఇరవై మందిలో పందొమ్మిది మందిని పట్టుకుంటుంది. భలే అనిపిస్తుంది. కానీ కుడి జఠరిక మొన దగ్గర వైరు ఉన్నవాళ్లలో చాలామందికి క్యూఆర్ఎస్ ఎలాగూ 150 దగ్గరో దాటో ఉంటుంది, అంటే ఏమీ కాబోని ఎనభై మందిలోనూ బోలెడు మందిని ఇదే గీత బెదిరిస్తుంది. ఊళ్లో దొంగ పడ్డాడంటే వీధి మొత్తాన్ని స్టేషన్‌లో కూర్చోబెట్టినట్టు. 115 గీతది దీనికి తిరగేసిన కథ: ఏమీ కాబోని ఎనభై మందిలో ఎనిమిది మందినే తప్పుగా బెదిరిస్తుంది, కానీ గీత సన్నగా ఉన్నవాళ్లంతా క్షేమమని దానర్థం కాదు. ఒకటి ధైర్యం చెప్పడానికి పనికొస్తుంది, ఇంకొకటి జాగ్రత్త చెప్పడానికి. రెంటిలో ఏదీ ఫలానా ఆయనకి వస్తుంది, ఫలానా ఆవిడకి రాదు అని తేల్చి చెప్పలేదు.

ఎకోలోనే ఇంకొంచెం లోతుగా చూసే కొలత ఒకటుంది, స్ట్రెయిన్ అంటారు. ఈఎఫ్ గది మొత్తం ఎంత కుంచించుకుందో చెబితే, స్ట్రెయిన్ కండరం తన పొడవులో ఎంత శాతం పొట్టిదవుతోందో చెబుతుంది. ఈఎఫ్ ఇంకా 58 అని చూపిస్తున్నప్పుడే ఇది తగ్గడం మొదలవుతుంది, పేస్‌మేకర్ పెట్టిన తొలి నెలల్లో ఇది బాగా పడిపోయినవాళ్లలోనే తర్వాత ఈఎఫ్ కూడా పడిపోతోందని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. ముందస్తు గుర్తు అంటే ఇలా ఉండాలి. కాకపోతే అన్ని ఎకో యంత్రాల్లోనూ ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు, ఉన్నా రోజుకి యాభై ఎకోలు తీసే చోట దానికి తీరిక ఉండదు.

ఇక ఏఐ. మేయో క్లినిక్ వాళ్లు 2019లో సుమారు 45 వేల మంది ఈసీజీలతో ఒక ప్రోగ్రామ్‌కి శిక్షణ ఇచ్చి, మరో 53 వేల మంది దాకా పరీక్షించారు. మామూలు ఈసీజీ చూసి పంపింగ్ తక్కువుందో లేదో చెప్పడంలో అది బాగానే నెగ్గింది. ఆసక్తి కలిగించేది అది 'తప్పు' చేసిన చోట. ఎకోలో పంపింగ్ బాగున్నా ప్రోగ్రామ్ బలహీనమని చెప్పినవాళ్లలో, తర్వాతి కాలంలో నిజంగానే పంపింగ్ తగ్గే ముప్పు మిగతావాళ్ల కన్నా నాలుగు రెట్లు ఎక్కువగా ఉంది. కంటికి అందనిదేదో అది గీతలో చూస్తోంది. పేస్‌మేకర్ పెట్టేముందు తీసిన ఈసీజీకి ఇదే పని అప్పజెప్పొచ్చన్న ఆలోచన అక్కడి నుంచే వస్తుంది. అయితే ప్రోగ్రామ్ కూడా పైన చెప్పిన మరకలున్న డేటా మీదే నేర్చుకుంటుంది. ఆయాసమొచ్చినవాళ్లకే ఎకో తీసే రికార్డుల మీద చదువుకుంటే అది నేర్చుకునేది గుండె సంగతి కాదు, డాక్టర్ల అలవాటు.

ఇంత కష్టమైన జోస్యం మీద ఆధారపడే బదులు అసలు దెబ్బే తగలకుండా చూడొచ్చు కదా అని ఇంకో ఆలోచన బయల్దేరింది. మొదటి ఉపాయం వైరు కూడా మార్చదు: గుండె సొంతంగా కొట్టుకోగలిగినప్పుడు యంత్రం నోరు మూసుకుని ఉండేలా ప్రోగ్రామ్ చేయడం. 2007లో వచ్చిన సేవ్-పేస్ అధ్యయనంలో సెట్టింగ్ మార్చినంత మాత్రాన వీపీ 99% నుంచి 9 శాతానికి దిగింది. కానీ వాళ్లంతా పైగది నాడి మందగించినవాళ్లు. కరెంటు పూర్తిగా తెగిపోయిన మనిషికి ఈ వెసులుబాటు లేదు. వైరును మొన దగ్గర కాకుండా మధ్య గోడ మీద పైన పెడితే చాలుననే ఆశ కూడా ఉండేది, రెండేళ్ల పాటు 240 మందిని గమనించిన ప్రొటెక్ట్-పేస్ అధ్యయనం ఆ ఆశ తీసేసింది, రెండు చోట్లా ఈఎఫ్ ఒకేలా తగ్గింది. ఎడమ జఠరికకు ఇంకో వైరు వేసి రెండూ కలిపి కొట్టించడం పనిచేస్తుంది. 2013 నాటి బ్లాక్-హెచ్ఎఫ్ అధ్యయనంలో, 2023 నాటి బుడాపెస్ట్ అధ్యయనంలో ఆ సంగతి బాగా తెలిసింది. బుడాపెస్ట్ సంగతి మరీను: అప్పటికే పంపింగ్ 35, అంతకన్నా కిందికి పడిపోయి పేసింగ్ మీద ఉన్న 360 మందిలో, అదనపు వైరు వేసినవాళ్లలో ఏడాదిలో చెడు ఫలితం (చావు, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం, లేదా సాగిన గుండె తగినంత కుంచించుకోకపోవడం) 32.4%, వేయనివాళ్లలో 78.9%. అంటే జారిపోయిన గుండె కూడా చాలాసార్లు తిరిగొస్తుంది.

ఇంకో దారి ఆ హైవేనే మళ్లీ పట్టుకోవడం. హిస్ కట్టలోకే వైరు గుచ్చడం 2000లో మొదలైంది, కానీ ఆ చోటు చాలా చిన్నది, వైరు కుదరడం కష్టం. 2017లో చైనాలోని వెన్‌జౌ వైద్యులు మధ్య గోడను తొలుచుకుంటూ వైరును ఆ కట్ట నుంచి ఎడమ వైపుకి చీలే శాఖ దాకా తీసుకెళ్లారు. క్యూఆర్ఎస్ సన్నబడింది. ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు, మదురై వేలమ్మాళ్ వైద్య కళాశాల నుంచి దీని మీద చాలా పత్రాలే వచ్చాయి. ఇదే అందరికీ అలవాటైపోతే, ఎవరి గుండె బలహీనపడుతుందన్న ప్రశ్న క్రమంగా ఏ ఆసుపత్రిలో, ఎవరి చేతుల్లో, ఎంత ఖర్చుతో వైరు పడిందన్న ప్రశ్నగా మారిపోతుంది. పద్ధతుల్ని పోల్చి, దీర్ఘకాలం గమనించిన పెద్ద అధ్యయనాలు వచ్చేదాకా ఇదే చివరి మాట అనడం మాత్రం తొందరే.

కానీ మొన దగ్గర వైరుతో ఇప్పటికే ఉన్నవాళ్లు ఎంతమందో. వాళ్లకి కావలసింది జోస్యం కన్నా కాపలా, ఆ కాపలాకి అడ్డం సాంకేతికత కాదు, ఫైళ్లు. వీపీ శాతం చాలాచోట్ల పరికరం కంపెనీ తరఫున వచ్చే టెక్నీషియన్ తీసే కాగితం మీద ఉంటుంది. ఈఎఫ్ ఇంకో గదిలో, ఇంకో రోజు తీసిన ఎకో రిపోర్టులో ఉంటుంది, అది కూడా ఎవరైనా రాస్తేనే. ఆయాసం సంగతి ఇంట్లో భార్యకి మాత్రమే తెలుసు: మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నాడని, రాత్రి రెండు దిళ్లు వేసుకుంటే గానీ పడుకోలేకపోతున్నాడని, చెప్పులు బిగుతవుతున్నాయని. ఈ మూడూ ఒకే బల్ల మీదకి వస్తే ఏ ఏఐ లేకుండానే విషయం తేలుతుంది. వీపీ 20% దాటిన మనిషికి పేస్‌మేకర్ పెట్టిన కొన్ని నెలలకి ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఎకో తీయడం పెద్ద ఖర్చేమీ కాదు, అందులోనూ ఈ జారుడు కొందరిలో తొలి ఏడాదే వస్తుంది, కొందరిలో ఎన్నో ఏళ్లకి వస్తుంది కాబట్టి ఒక్కసారి చూసి వదిలేస్తే కుదరదు.

ఇంకో చిన్న సంగతి. ఆ 115 మిల్లీసెకన్ల గుర్తు ఉంది చూశారూ, గుండె తన సొంత దారిలో కొట్టుకున్నప్పుడు తీసిన ఈసీజీ ఉంటేనే దానికి అర్థం. పూర్తి బ్లాక్‌తో కళ్లు తిరిగి పడిపోయి ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి ఆ రోజు తీసిన గీతలో అది దొరక్కపోవచ్చు, ఎందుకంటే అప్పటికి కింది గది ఏదో ఒక మూల నుంచి తనంతట తాను ఈడుస్తూ ఉంటుంది. పేస్‌మేకర్ పెట్టాక వచ్చేదంతా యంత్రం గీతే. ఎప్పుడో కంటి ఆపరేషన్‌కో హెర్నియాకో ముందు తీయించిన పాత ఈసీజీ బీరువాలో, రేషన్ కార్డు జిరాక్సుల మధ్య మడతపెట్టి ఉందేమో, ఆయన గుండె సొంత దస్తూరీ ఇక ఆ ఒక్క కాగితం మీదే ఉంది.